ఉద్దానం జీడిపిక్కలు: పలాస వ్యాపారికా, ఫెయిర్‌ట్రేడ్ సంఘానికా?

ఉద్దానం రైతు తన జీడిపిక్కలను 80 కిలోల బస్తా లెక్కన పలాస వ్యాపారికి అమ్ముకోవచ్చు. లేదా తోటి రైతులతో సంఘంగా ఏర్పడి, ఫెయిర్‌ట్రేడ్ (రైతుకు న్యాయమైన ధర దక్కేలా చూసే అంతర్జాతీయ వ్యాపార పద్ధతి) ధ్రువీకరణ పొంది అమ్ముకోవచ్చు.

ధర: వ్యాపారి ఇచ్చేది ఆనాటి బజారు ధర. ఫెయిర్‌ట్రేడ్‌లో కనీస ధర ఉంటుంది, బజారు ధర అంతకు మించితే ఆ ఎక్కువ ధరే చెల్లించాలి. దానిపైన సంఘానికి ఉమ్మడిగా వచ్చే ప్రీమియం అనే అదనపు సొమ్మును బడికి వాడాలో, మంచినీటికి వాడాలో, కొత్త మొక్కలకు వాడాలో సభ్యులే కూర్చుని తీర్మానించుకుంటారు. సుస్థిరాభివృద్ధికి ఈ పద్ధతి చేసే అసలు మేలు ఇక్కడే ఉందని నా నమ్మకం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడితోటలను కూల్చివేసింది. తిరిగి నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పట్టే ఇటువంటి పంటలో, ఉమ్మడి నిధి లేని రైతుకు అప్పు తప్ప దిక్కుండదు.

శ్రమ: వ్యాపారి కాగితాలు అడగడు. సంఘానికి లెక్కల పుస్తకాలు, తనిఖీలు, ధ్రువీకరణ రుసుము తప్పవు. బాలకార్మికులను పెట్టుకోకూడదు, నిషేధిత పురుగుమందులు వాడకూడదు. ఈ చివరి రెండు షరతులను భారమనడం నాకు సమ్మతం కాదు.

నష్టభయం: వ్యాపారి వెంటనే కొంటాడు. ధ్రువీకరణ ఉన్నంత మాత్రాన సరుకంతా ఆ షరతులపైనే అమ్ముడుపోతుందన్న హామీ లేదు. మిగిలినది మామూలు ధరకే పోతుంది.

చేతిలో పైసా లేక, సంఘం అండ కూడా లేని చిన్న రైతుకు ప్రస్తుతానికి వ్యాపారే అనుకూలం. నమ్మకంగా నడుస్తున్న ఉత్పత్తిదారుల సంఘం ఉండి, ఎగుమతిదారుతో ముందే ఒప్పందం కుదిరిన ఊళ్లకు ఫెయిర్‌ట్రేడే తగినది.