ఫ్రూట్ సల్సాకి ఏది మేలు: మామిడా, పైనాపిలా, బొప్పాయా?

సల్సా అంటే తరిగిన ముక్కలు కలిపి చేసే మెక్సికన్ పచ్చడి లాంటిది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం, ఉప్పు దాదాపు ఏ సల్సాలోనైనా ఉండేవే. టమాటా బదులు ఏ పండు వేస్తున్నామన్నదే అసలు సంగతి.

నా ఓటు మామిడికే, అదీ దోరపండుకి. బాగా మగ్గిన పండు కోసుకుని తినడానికి బాగుంటుంది గానీ, సల్సాలో నాలుగుసార్లు గరిటె తిప్పేసరికి గుజ్జైపోతుంది. బొటనవేలితో నొక్కితే కొద్దిగా మాత్రమే లొంగాలి, కోసిన ముక్క అంచులు చెదరకుండా నిలవాలి. అలాంటి పండులో తీపితో పాటు పులుపూ మిగిలి ఉంటుంది, అందుకే ఉల్లిపాయ పక్కన తేలిపోదు. మరీ గట్టి పండు దొరికినా బెంగ లేదు, రెండు మూడు రోజులు బయట ఉంచితే దారికొస్తుంది.

పైనాపిల్‌కి ఆ సౌకర్యం లేదు. చెట్టు నుంచి కోశాక తొక్క పసుపెక్కుతుందేమో గానీ లోపల తీపి పెరగదు. అందుకని కొనేటప్పుడే అడుగు భాగం వాసన చూడాలి. తియ్యటి వాసన రాకపోతే వదిలేయండి, పులిసిన వాసన వస్తే అసలు ముట్టుకోకండి. దీంట్లోని బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ప్రొటీన్లను విడగొడుతుంది, నాలుక చురచురలాడటానికి అదీ ఒక కారణం. వేడికి దాని శక్తి పోతుంది. నడిమి గట్టి భాగం తీసేసి, చక్రాల్లా కోసి, వేడి పెనం మీద రెండు వైపులా మచ్చలు పడేదాకా కాల్చి ముక్కలు చేస్తే చురచుర తగ్గి, తీపి పైకి తేలుతుంది. కాల్చిన చేపకో చికెన్‌కో పక్కన పెట్టాలంటే మాత్రం మామిడి కన్నా ఇదే బాగుంటుంది.

బొప్పాయి ఒక్కటే వేస్తే నాకు నచ్చదు. పులుపు దాదాపు ఉండదు, నిమ్మరసం ఎంత పిండినా చాలదు. పైనాపిల్‌తో సగం సగం కలిపితే సరే.

ముందుగా చేసి పెట్టాలంటే పైనాపిల్ నయం, పీచు వల్ల ముక్క చెదరదు. ఏ పండైనా ఉప్పు తగలగానే నీరు వదులుతుంది కాబట్టి ఉప్పూ నిమ్మరసమూ వడ్డనకి పావుగంట ముందు మాత్రమే కలపండి. తరిగిన ఉల్లిపాయని పది నిమిషాలు చల్లటి నీళ్లలో వేసి వడకడితే ఘాటు తగ్గుతుంది. మిర్చి కారం తగ్గాలంటే గింజలు దులిపితే చాలదు, అవి అంటుకుని ఉండే తెల్లటి పొరను గీకేయాలి. గిన్నె అడుగున ఊరిన రసాన్ని పారబోయకండి. చెంచాడు నూనె కలిపితే కీరా ముక్కల మీదికి మంచి డ్రెస్సింగ్.