మా ప్రయోగశాలలోని కప్పీల పెట్టె: ఆరేళ్ల వాడకం

చిత్తూరు సమీపంలోని ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తూ ఈ కప్పీల పెట్టెను ఆరు విద్యా సంవత్సరాలుగా వాడుతున్నాను. ఇనుప స్టాండు, రెండు ఒంటి కప్పీలు, రెండు జంట కప్పీల దిమ్మెలు, తూకపు గుళ్లు, 10 న్యూటన్ల స్ప్రింగ్ త్రాసు ఇందులో వచ్చాయి.

స్థిర కప్పీ మీదుగా అరకిలో బరువును లాగిస్తే త్రాసు ఆ బరువుకు సమానమైన 4.9 న్యూటన్లు దాటి సుమారు 5.3 చూపుతుంది. బావి గిలక బరువును తగ్గిస్తుందని నమ్మిన పిల్లలు దీన్ని చూసి ఆశ్చర్యపోతారు. గిలక బలం దిశను మాత్రమే మారుస్తుందనీ, కిందికి లాగేటప్పుడు మన ఒంటి బరువు తోడు రావడం వల్లే సులువనిపిస్తుందనీ, కపిల (ఎద్దులతో బావి నీళ్లు తోడే మోట) తోలే ఎద్దులు వాలులోకి దిగుతూ లాగడంలోని కిటుకు కూడా అదేననీ చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం నాకు దొరకలేదు.

ఈ పెట్టె అసలు విలువ, రెండు జంట దిమ్మెల మధ్య దారం నాలుగు పోగులుగా తిరిగి బరువును మోసే అమరికలో తెలుస్తుంది. కిలో బరువును 20 సెంటీమీటర్లు ఎత్తడానికి దారాన్ని 80 సెంటీమీటర్లు లాగాలి కనుక వేగ నిష్పత్తి 4. ఆ లెక్కన 2.45 న్యూటన్లు చాలాలి, కానీ త్రాసు 3.3 చూపుతుంది. అంటే యాంత్రిక లాభం (ఎత్తిన బరువును లాగిన బలంతో భాగిస్తే వచ్చేది) సుమారు 3, దాన్ని వేగ నిష్పత్తితో భాగిస్తే వచ్చే దక్షత 74 శాతం. తేడా ఎక్కడికి పోయిందని అడిగి, కింది దిమ్మెను పిల్లల చేతనే తూయిస్తాను. అది 120 గ్రాములు. మిగిలినది ఘర్షణ. బరువును మెల్లగా దించేటప్పుడు త్రాసు 2.3 దగ్గరకు తగ్గడమే అందుకు రుజువు. అదే అమరికకు 200 గ్రాములే తగిలిస్తే, దిమ్మెను మోయడానికే బలంలో పెద్ద వాటా ఖర్చై, యాంత్రిక లాభం 2 దగ్గరే ఆగిపోతుంది. పోగులు లెక్కపెట్టి 4 అని రాసేసే అలవాటును ఈ ఒక్క ప్రయోగం మాన్పించింది.

లోపాలు లేకపోలేదు. పెట్టెతో ఇచ్చిన నూలు దారం పీచులు లేచి, గాడి తప్పి, చక్రానికీ పక్క రేకుకూ మధ్య ఇరుక్కునేది. రెండో ఏడాది అల్లిక నైలాన్ దారానికి మారాను. చక్రాలు బిగుసుకున్నప్పుడల్లా ఇరుసులకు కుట్టుమిషను నూనె వేస్తున్నాను. త్రాసును తలకిందులుగా పట్టి లాగితే ముల్లు సున్నాకు వెనక్కి జరుగుతుంది కాబట్టి, అదే స్థితిలో సున్నాను సరిచేసుకోకపోతే కొలతలన్నీ తక్కువగా వస్తాయి. ఈ మాట సూచనల కాగితంలో లేకపోవడం పెద్ద లోటు.

మా పిల్లల్లో చాలామంది బోరు మోటారును చైన్ పుల్లీతో పైకి తీయడం చూసినవారే. బారలకొద్దీ గొలుసు లాగితే పైపు అంగుళాల లెక్కన లేస్తుందని వారే చెబుతారు. గొలుసు వదిలినా మోటారు ఎందుకు జారిపోదని ఒక అమ్మాయి అడిగింది. అందులో పళ్లచక్రాలతో పాటు బరువును పట్టి ఉంచే బ్రేకు ఉంటుందని నోటితో చెప్పగలిగానే గాని ఈ పెట్టెతో చూపలేకపోయాను. కొత్తగా కొనేవారు బేరింగు చక్రాలున్న పెట్టెనే ఎంచుకుని, స్టాండుకు ఒక మీటరు బద్దను కూడా బిగించుకోవాలని నా సలహా.