గోపాల్‌పూర్: కూలిన గోడలు, విరిగిన పడవ

ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్‌కి కెమెరా పట్టుకుని వెళ్లేవాళ్లు బీచ్‌లోనే ఆగిపోకండి. దాని వెనకున్న పాత గోడలు చూడండి. బ్రిటిష్ కాలంలో ఇక్కడి నుంచి రంగూన్‌కి ఓడలు నడిచేవి. రేవు పడిపోయాక కట్టడాలూ శిథిలమయ్యాయి. ఉప్పుగాలికి ఇటుకలు పొరలు పొరలుగా రాలుతుంటాయి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ ఎరుపు చూసి తీరాలి.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం జాలర్ల పల్లె దగ్గర ఇసుకలో సగం కూరుకుపోయిన ఫైబర్ పడవ. పక్క చీలిపోయి, లోపలి తెల్లటి నారపోగులు బయటికొచ్చాయి. నీలం రంగు పెచ్చులూడి, కింద పాత పసుపు కనబడుతోంది. ఎంత అందంగా ఉందో! ఫొటోలు తీస్తుంటే ఒక పెద్దాయన వచ్చాడు. ఇక్కడి జాలర్లను ఒడియావాళ్లు నోలియాలంటారు, చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. "తుఫానుకి పోయింది బాబూ. దాని అప్పు ఇంకా కడతన్నాం" అన్నాడు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గంటకి 200 కిలోమీటర్ల పైచిలుకు గాలితో తీరం దాటింది ఈ ఊరి దగ్గరే.

ఆ మాట విన్నాక, అందంగా ఉందని ఫొటో ఒక్కటే చూపిస్తే చాలదనిపించింది. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ రఫాయెల్ దల్లపోర్తా మందుపాతరలను నల్లటి నేపథ్యం మీద, అసలు సైజులో, నగల షాపు ప్రకటనంత శ్రద్ధగా తీశాడు. ప్రతి ఫొటో పక్కనే ఆ మందుపాతర ఏం చేస్తుందో వివరం ఉంటుంది. మావోయిస్టుల మందుపాతరలు పేలిన మల్కన్‌గిరి, కోరాపుట్ జిల్లాల జనానికి మందుపాతర గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, బయటివాళ్లకి ఆ వివరం కావాలి. అది లేకుండా బొమ్మ ఒక్కటే చూపించడం నాకు తప్పనిపిస్తుంది. అందుకే పెద్దాయన్ని అడిగి, ఆ పడవ ఫొటో కింద అప్పు సంగతి కూడా రాశాను.

ఇక బస. తెల్లవారుజాము వెలుతురు కావాలంటే గోపాల్‌పూర్‌లోనే దిగాలి. బరంపురం నుంచి 16 కిలోమీటర్లే అయినా, ఆటో దొరికి వచ్చేసరికి ఎండెక్కిపోతుంది. ఒడిశా టూరిజం వాళ్ల పాంథనివాస్ సముద్రానికి దగ్గర, సెలవుల్లో ముందే బుక్ చేసుకోవాలి. మేం దిగిన లాడ్జి శుభ్రంగానే ఉంది కానీ రాత్రి కరెంటు పోతే జనరేటర్ లేదు, బ్యాటరీలు చార్జింగ్ కాక ఒకటే టెన్షన్. డబ్బు కట్టేముందే అడిగేయండి.

తిండికి లోటు లేదు, చేపల వేపుడు అప్పటికప్పుడు చేసిస్తారు. బరంపురంలో తెలుగుతో పని జరిగిపోతుంది. లైట్‌హౌస్‌ పైకి సాయంత్రం కాసేపే వదులుతారు. అక్టోబర్ తుఫాన్ల నెల, నవంబర్ దాటాక వెళ్లండి.