రూల్ మీదే కేసు వేయొచ్చా? సర్వీస్ ట్రిబ్యునల్‌కి నా రేటింగ్ 5కి 3.5

మా ప్రమోషన్ రూల్‌లో ఒక కటాఫ్ డేట్ పెట్టారు, దానికి రెండు నెలలు లేటుగా చేరామని మా బ్యాచ్ మొత్తాన్నీ పక్కన పెట్టేశారు. ఇది రాజ్యాంగంలో సమానత్వం, ప్రభుత్వోద్యోగాల్లో సమాన అవకాశం గురించి చెప్పే ఆర్టికల్ 14, 16కి విరుద్ధం కాబట్టి హైకోర్టుకే పోదామనుకున్నా, ఆఫీసులో అందరూ కూడా ప్రభుత్వోద్యోగుల సర్వీసు కేసులు వినే ట్రిబ్యునల్‌కి రాజ్యాంగం సంగతులు చూసే పవరెక్కడిదన్నారు. లాయర్ గారేమో నవ్వి, చంద్రకుమార్ తీర్పొచ్చి ఎన్నేళ్ళయిందండీ అన్నారు. 1997లోనే సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల బెంచ్ తేల్చేసిందట, చట్టమైనా రూలైనా రాజ్యాంగానికి నిలబడుతుందో లేదో ట్రిబ్యునల్ చూడొచ్చు, అసలు ముందు వెళ్ళాల్సిందే అక్కడికి. తనని పుట్టించిన 1985 అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్స్ చట్టం జోలికి మాత్రం పోకూడదు, కన్నతల్లి మీద తీర్పు చెప్పలేదు కదా పాపం.

ఫీజు 50 రూపాయలే. కానీ ముందు డిపార్ట్‌మెంట్‌కి రిప్రజెంటేషన్, అంటే మన గోడు రాసిన అర్జీ, పెట్టుకోవాలి, జవాబు రాకపోతే ఆరు నెలలు ఆగాలి, ఆ తర్వాత ఏడాదిలోపు ట్రిబ్యునల్‌లో ఓఏ (ఒరిజినల్ అప్లికేషన్, అంటే కేసు) వేసెయ్యాలి, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు.

మొదటి వాయిదాకి ఒక్క మెంబరే కూర్చున్నారు. మా లాయర్ రూల్ చెల్లదంటున్నాం సార్ అనగానే ఆయన ఫైలు మూసేసి, ఇది నేనొక్కణ్ణే వినకూడదు, ఇద్దరి బెంచ్‌కి పెట్టండి అన్నారు. రెండే నిమిషాలు, దానికోసం నేను రాత్రంతా బస్సులో వచ్చా! ఒళ్ళు మండింది. తర్వాత తెలిసింది, అదీ చంద్రకుమార్ తీర్పులో ఉన్నదే, ఇలాంటి కేసు కనీసం ఇద్దరు వినాలి, అందులో ఒకరు జ్యుడీషియల్ మెంబర్, అంటే న్యాయరంగం నుంచి వచ్చినవారు, అయ్యుండాలి. కౌంటర్‌కి, అంటే మా కేసుకి జవాబు రాసివ్వడానికి, టైమ్ కావాలంటూ అవతలివాళ్ళు వాయిదాల మీద వాయిదాలు తీసుకున్నారు, ఒకటిన్నర మార్కు కోసింది అందుకే.

వాదనలు మాత్రం బాగా విన్నారు. అడ్మినిస్ట్రేటివ్ మెంబర్ ఒకప్పుడు ఆఫీసులు నడిపినాయనే, ఈ తేదీనే ఎందుకు పెట్టారు, ఫైల్లో నోట్ చూపించండి అని అడిగితే అవతలి లాయర్ కాగితాలు తిరగేస్తూ నిలబడిపోయాడు. కటాఫ్ కొట్టేశారు.

అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటే, ట్రిబ్యునల్ ఆర్డర్‌ని హైకోర్టు డివిజన్ బెంచ్ మళ్ళీ చూడొచ్చు, ఆ దారి మూసేయడానికి లేదని అదే తీర్పు చెప్పింది. డిపార్ట్‌మెంట్ రిట్ వేసింది, సోమవారం మళ్ళీ బస్సెక్కాలి.