టర్కిష్ నైట్ ఎక్కడ చూడాలి, ఏది వదిలేయాలి

టర్కీ ప్యాకేజీల్లో దాదాపు తప్పకుండా కనిపించే పేరు 'టర్కిష్ నైట్'. రాత్రి భోజనం, మందు, జానపద నృత్యాలు, బెల్లీ డాన్స్, అన్నీ ఒకే టికెట్ మీద. ఇస్తాంబుల్‌లో కూడా ఉన్నాయి కానీ నన్నడిగితే మధ్య టర్కీలోని కప్పడోకియాలోనే చూడమంటాను. అక్కడ రెస్టారెంటే చూడదగ్గ చోటు.

గోరెమె, అవనోస్ చుట్టుపక్కల కొండలన్నీ అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి ఏర్పడ్డవి. ఆ రాయి మెత్తన, ఉలి పెడితే తేలిగ్గా తెగుతుంది. వెయ్యేళ్ల నాటి చర్చిల నుంచి ఇప్పటి హోటల్ గదుల దాకా అక్కడ ఎన్నో కొండను తొలిచి కట్టినవే. మేం వెళ్లిన రెస్టారెంటూ అంతే. మధ్యలో నాట్యమాడే గుండ్రటి స్థలం, దాని చుట్టూ కొండలోకి తొలిచిన హాళ్లు, వాటిలో పొడవాటి బల్లలు. వెనక బల్ల దొరికినవాళ్లకి సగం ఆట కనపడదు. అందుకే బుక్ చేసేటప్పుడే ముందు వరస కావాలని గట్టిగా అడగండి. హోటల్ నుంచి తీసుకెళ్లి మళ్లీ దింపే వ్యాన్ మా టికెట్‌లోనే వచ్చింది.

మేం కూర్చునేసరికే బల్ల మీద మెజెలు (అసలు భోజనానికి ముందు తినే చిన్నచిన్న వంటకాలు) సర్దేసి ఉన్నాయి. వెల్లుల్లి కలిపిన గట్టి పెరుగు హైదరి, టమాటా, మిరపకాయ సన్నగా తరిగి చేసే ఎజ్మె, కాల్చిన వంకాయ, ద్రాక్షాకుల్లో అన్నం చుట్టిన సర్మా. రుచి ఫర్వాలేదు, కానీ ఎప్పుడో వడ్డించి పెట్టినట్టు తెలిసిపోయింది. అసలు సంగతి తెస్తీ కెబాబ్. మాంసం, చిన్న ఉల్లిపాయలు, టమాటాలు మట్టికుండలో పెట్టి, మూతి మూసి, నిప్పుల మీద గంటల తరబడి ఉడికిస్తారు. వడ్డించేవాడు మన ముందే కుండ మెడ పగలగొడతాడు. ఈ తతంగం అక్కడ అతికించినట్టు ఉండదు. కిజిలిర్మాక్ నది ఒడ్డున ఉన్న అవనోస్ తరతరాలుగా కుమ్మరుల ఊరు, కుండ చేసేదీ ఆ నది ఎర్రమట్టితోనే. మాంసం వేలితో తాకితే విడిపోయేంత మెత్తగా ఉంది.

ఇక ఆటలు. నల్లసముద్రం వైపు హొరోన్ నృత్యంలో భుజాలు ఎంత వేగంగా వణుకుతాయో చూసి తీరాలి. దానికి పూర్తి విరుద్ధం ఎజియన్ ప్రాంతపు జెయ్‌బెక్: చేతులు రెక్కల్లా చాచి, మెల్లగా తిరుగుతూ, మోకాలు నేలకి తాకించి లేస్తారు. ఆ గంభీరత నా మనసులో నిలిచిపోయింది. చివర్లో దవుల్, జుర్నా మోగుతుంటే (మన ఊరేగింపుల్లో డోలు, సన్నాయిలాగే ఒళ్లు నిలవనివ్వవు) అందరినీ లేపి, చిటికెన వేళ్లు పట్టించి హలాయ్ ఆడిస్తారు. మా అత్తయ్య కూడా లేచి ఆడింది.

నాకు అస్సలు నచ్చనిది ఒక్కటే. ప్రోగ్రాం మొదట్లో, ప్లేట్లు, గ్లాసులు చప్పుడవుతుండగా సెమా పెట్టారు. సెమా అంటే మెవ్లెవీ దర్వేషులనే సూఫీ సాధకులు కుడిచేయి పైకి, ఎడమచేయి కిందికి పెట్టి తిరుగుతూ చేసే ప్రార్థన. 1273లో కొన్యాలో కన్నుమూసిన సూఫీ కవి రూమీ అనుచరుల సంప్రదాయం అది. నా పక్క బల్ల వాళ్లు రొట్టె కోసం వెయిటర్‌ని కేకేస్తుంటే మనసు చివుక్కుమంది. సెమాని విడిగా చూడండి. ఇస్తాంబుల్ సిర్కెజీలో 15వ శతాబ్దపు హమామ్‌ని (స్నానశాలని) మార్చి కట్టిన హొజపాషా అనే ప్రదర్శనశాల ఉంది. అక్కడ భోజనం లేదు, దాదాపు గంటసేపు నిశ్శబ్దంగా కూర్చుని చూడటమే. 1491లో దర్వేషుల మఠంగా మొదలైన గలాటా మెవ్లెవీహానే మ్యూజియం కూడా చూసి రావచ్చు.

తిండి, పాట రెండూ నిజంగా కలిసిన చోటు మాత్రం ఇస్తాంబుల్ బెయోలూలోని మెయ్‌హానేలే, అంటే మందు, మెజెలు దొరికే పాతకాలపు హోటళ్లే. నెవిజాదే సందులో కూర్చున్నాం. వెయిటర్ పెద్ద పళ్లెంలో మెజెలు తెచ్చి చూపిస్తాడు, వేలు పెట్టి చూపించినవే దించుతాడు. తెల్ల చీజ్, ఖర్బూజా, సోంపు వాసన వచ్చే రకీ అనే మందు, ఆ తర్వాత తీరిగ్గా చేప. క్లారినెట్, కానూన్, దర్బుకా వాయించేవాళ్లు బల్లబల్లకీ వస్తారు. వాళ్లు పాట ఎత్తుకోగానే చుట్టూ ఉన్న ఇస్తాంబుల్ జనం గొంతు కలిపారు. స్టేజీ లేదు, లైట్లు లేవు, అయినా ఆ ట్రిప్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన రాత్రి అదే. మీ బల్ల దగ్గర ఆగి వాయిస్తే కొంత డబ్బు ఇవ్వడం అక్కడి మర్యాద.

సుల్తానహ్మెత్‌లో కుండకి మంట పెట్టి ఆర్భాటం చేసే ఒక రెస్టారెంట్‌కీ వెళ్లాం. పిల్లలు చప్పట్లు కొట్టారు. కూర మాత్రం గోరువెచ్చగా వచ్చింది, మేం అడగని మెజెలు కూడా బిల్లులో పడ్డాయి. బల్ల మీద పెట్టిన ప్రతిదీ ఉచితమా అని ముందే అడిగితే ఆ టెన్షన్ ఉండదు.

శాకాహారులు భయపడక్కర్లేదు. ఆలివ్ నూనెలో వండి చల్లగా వడ్డించే కూరగాయలు చాలా రకాలుంటాయి. సర్మా తినేముందు మాంసం లేనిదేనా అని అడగండి, రెండు రకాలూ చేస్తారు. టర్కిష్ నైట్‌లో అయితే బుకింగ్‌లోనే చెప్పాలి. మా అత్తయ్యకి అలా చెప్పబట్టే మట్టిపాత్రలో వండిన వేడివేడి కూరగాయల గువెచ్ వచ్చింది. ఇంకో మాట: కప్పడోకియాలో వేడిగాలి బెలూన్ ఎక్కే వాళ్లని తెల్లవారకముందే హోటల్ నుంచి తీసుకెళ్తారు. టర్కిష్ నైట్ ముగిసి గదికి చేరేసరికి అర్ధరాత్రి కావొస్తుంది. ఆ రెండింటి మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.