వాల్యూ రూబ్రిక్‌తో పాఠ్యప్రణాళికను కొలవడం: వాడి చూసిన అనుభవం

పరిశోధనా నైపుణ్యాలు కేంద్రంగా డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చిన తరువాత, విద్యార్థులు నిజంగా ఎదిగారో లేదో తెలుసుకోవడం ఎలాగన్నది మా విభాగానికి పెద్ద చిక్కై కూర్చుంది. మార్కులను నమ్ముకుందామంటే ప్రశ్నపత్రమూ దిద్దే చేయీ ఏటా మారుతుంటాయి. సర్వేలను నమ్ముకుందామంటే, ‘చాలా నేర్చుకున్నాను’ అన్న గడిలో టిక్కు పెట్టడానికి ఏమీ నేర్చుకుని ఉండనక్కరలేదు. అందుకని అమెరికా కళాశాలలు, విశ్వవిద్యాలయాల సంఘం 2009లో ‘వాల్యూ’ అన్న పేరుతో వెలువరించిన రూబ్రిక్‌లలో, అంటే విద్యార్థి పనిని అంశాలవారీగా స్థాయిలు వేసి చూసే పట్టికలలో, అన్వేషణ, విశ్లేషణలకు ఉద్దేశించినదాన్ని తీసుకుని విద్యార్థుల నివేదికల మీద వాడి చూశాము.

ఇందులో అంశం ఎంపిక, ఇప్పటికే ఉన్న జ్ఞానం, పరిశోధన రూపకల్పన, విశ్లేషణ, నిర్ధారణలు, పరిమితులు–పర్యవసానాలు అని ఆరు వరుసలుంటాయి. ప్రతి వరుసకూ 1 నుంచి 4 వరకు స్థాయిలుంటాయి. 1కి కూడా అందని పనికి సున్నా వేయమంటారు. విశ్లేషణ వరుసనే చూస్తే, ఆధారాలను ఒక క్రమం లేకుండా ఏకరువు పెడితే 1, వాటిని కూర్చి లోపలున్న పోలికలనూ తేడాలనూ బయటపెడితే 4. మొదటి సంవత్సరానికీ చివరి సంవత్సరానికీ ఇదే కొలబద్ద కావడం దీని అసలైన బలం.

మొదటి విడతలో తప్పు మాదే. ఏ నివేదిక ఏ సంవత్సరానిదో కనిపించేలా పంచిపెట్టాము, దాంతో పెద్ద తరగతి అనగానే చేయి దానంతటదే 3 వైపు వెళ్లింది. రెండో విడతలో ఆ వివరాలను కప్పివేసి, ఒక్కో నివేదికను ఇద్దరేసి చదివాము. ‘సమయం చాలలేదు, నమూనా చిన్నది’ అని రాసిన ఒక పేరాకు పరిమితుల వరుసలో నా సహోద్యోగి 3 వేశారు, నేను 1 వేశాను. పరిమితులను ప్రస్తావించడమే చాలునని ఆవిడ, ఆ చిన్న నమూనా నిర్ధారణను ఎలా బలహీనపరుస్తుందో చెప్పి తీరాలని నేను. అరగంట వాదించుకున్నాక, అసలు మా అసైన్‌మెంట్లలో ఒక్కటి కూడా పరిమితుల గురించి రాయమని అడగలేదని గమనించాము. పాఠ్యప్రణాళికలో లోపం ఎక్కడుందో ఆ ఒక్క గడి చెప్పినంత స్పష్టంగా అంతకుముందు జరిగిన సమావేశాలేవీ చెప్పలేదు.

లోటుపాట్లు లేకపోలేదు. ఏ స్థాయి ఎలా ఉంటుందో చూపే నమూనా నివేదికలను ఎవరికి వారే తమ విషయంలోంచి ఎంచి పెట్టుకోవాలి. లేకపోతే ‘లోతైన’ వంటి మాటలకు తలా ఒక అర్థం చెబుతారు. విఫలమైన ప్రయోగాన్ని మళ్లీ చేసిన ఓపిక నివేదికకు ఎక్కకపోతే రూబ్రిక్‌కూ అందదు. దీన్ని మార్కులుగా మార్చే ఆలోచన మాత్రం వద్దు. ఇది సంస్థ స్థాయి పరిశీలనకే తప్ప గ్రేడింగుకు కాదని రూబ్రిక్‌లోనే రాసి ఉంది.

కొనదలచినవారికి ఒక శుభవార్త, ఇది ఉచితం. ఒక జాగ్రత్త కూడా ఉంది: మధ్యలో చదువు మానేసినవారి నివేదికలను మొదటి సంవత్సరం కట్టలోంచి తీసివేసి పోల్చండి, లేదంటే బోధన ఏమీ మారకపోయినా సగటు పెరిగినట్టు కనిపిస్తుంది.