ఎడారిలో ట్రాన్స్‌మిటర్ వేట: చేతిలో యాగీయా, కారు మీద డాప్లరా?

దక్షిణ కాలిఫోర్నియా హామ్‌లు (సరదాకి రేడియో నడిపేవాళ్లు) వెతుకులాట ఆట కోసం మొహావీ ఎడారిలో ట్రాన్స్‌మిటర్ దాచారంటే దాన్ని పట్టుకోవడానికి పగలంతా పట్టొచ్చు. వాడే రేడియో బ్యాండు 2 మీటర్లు, అంటే 144–148 మెగాహెర్ట్జ్. వేటకి సాధనాలు రెండు: యాగీ అంటే తిప్పిన దిక్కు నుంచి వచ్చే సిగ్నల్‌నే గట్టిగా పట్టే చేతి యాంటెన్నా; డాప్లర్ అంటే సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తోందో తనంతట తానే చూపే పరికరం.

ఖర్చు: యాగీకి పీవీసీ పైపు, ఉక్కు కొలత టేపు ముక్కలు, క్లాంపులు చాలు. డాప్లర్‌కి కారు పైన నాలుగు యాంటెన్నాలు, వాటిని చకచకా మార్చే సర్క్యూట్, దిక్కు చూపే ఎల్‌ఈడీల వలయం కావాలి. జేబుకి బరువే.

శ్రమ: యాగీతో కారాపాలి, దిగాలి, ఎండలో తిప్పాలి, మ్యాపు మీద గీత గీయాలి. డాప్లర్ కారు నడుస్తుండగానే చెబుతుంది.

సిగ్నల్: అసలు తేడా ఇక్కడే. బలహీనమైన సిగ్నల్‌ని యాగీ దూరం నుంచే అందుకుంటుంది. దాచినవాడు గడుసువాడై యాంటెన్నాని అడ్డంగా పడుకోబెడితే యాగీనీ అడ్డంగా తిప్పితే సరి; నిలువు కడ్డీల డాప్లర్ తడబడుతుంది. కొండకి తగిలి వచ్చే ప్రతిఫలనాలు రెండింటినీ ఏమారుస్తాయి, డాప్లర్‌ని ఇంకాస్త ఎక్కువగా. కానీ రెండు క్షణాలు పలికి మూగబోయే ట్రాన్స్‌మిటరైతే? యాగీ తిప్పేలోపే ఆగిపోతుంది. అక్కడ డాప్లర్‌దే పైచేయి.

దగ్గరికొచ్చాక: యాగీని ఎటు తిప్పినా రేడియోలోని సిగ్నల్ మీటరు నిండుగానే ఉంటుంది. యాగీకి అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించే పరికరం) తగిలించి నడవాల్సిందే. అదీ లేకపోతే హ్యాండీని (చేతి రేడియోని) గుండెకి ఆనించి చుట్టూ తిరగండి. సిగ్నల్ బాగా పడిపోయినప్పుడు ట్రాన్స్‌మిటర్ మీ వీపు వెనకుంటుంది.

ప్రమాదం: డాప్లర్ దీపాలు చూస్తూ కారు నడిపితే ఇసుకలో దిగబడతారు. వాటిని పక్కవాళ్లకి వదిలేయండి.

ఒంటరిగా, మొదటిసారి వెళ్తుంటే యాగీ. జట్టుగా, ఆగి ఆగి పలికే ట్రాన్స్‌మిటర్ వెంటపడితే డాప్లర్. చివరి ఫర్లాంగు కోసం డిక్కీలో యాగీ ఎలాగూ ఉండాలి, నీళ్ల క్యాన్ల పక్కన.